యూయూఐడీ వెర్షన్ 7 వాడితే రికార్డులు వచ్చిన వరుసలోనే ఉంటాయా?

యూయూఐడీ అంటే రికార్డుకు ఇచ్చే 128 బిట్ల ప్రత్యేక ఐడీ. ప్రైమరీ కీగా (టేబుల్‌లో రికార్డును గుర్తించే ప్రధాన ఐడీగా) వాడుతున్న, దాదాపు పూర్తిగా యాదృచ్ఛికమైన వెర్షన్ 4 యూయూఐడీలను వెర్షన్ 7కు మారిస్తే కొత్త రికార్డులు చేర్చే ఇన్సర్ట్‌ల వేగం పెరుగుతుందా, అప్పుడు తేదీ కాలమ్‌ను తీసేయవచ్చా అని అడిగారు. మొదటిదానికి చాలావరకు అవునని, రెండోదానికి వద్దని నా జవాబు.

2024 మేలో వెలువడిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 9562 ప్రకారం వెర్షన్ 7లోని 128 బిట్లలో మొదటి 48 బిట్లు 1970 జనవరి 1 నుంచి గడిచిన మిల్లీసెకన్లను నమోదు చేస్తాయి. వెర్షన్‌కు 4, వేరియంట్‌కు 2 పోగా మిగిలిన 74 బిట్లను సాధారణంగా యాదృచ్ఛికంగా నింపుతారు. కాలం ఎడమ చివరన ఉండటం వల్ల, బైట్లను ఎడమ నుంచి పోల్చే ఇండెక్స్ (రికార్డులను వెతకడానికి ఉంచే వరుస పట్టిక) ఏదైనా వాటిని దానంతటదే కాలక్రమంలో పెడుతుంది. వెర్షన్ 1లోనూ కాలం ఉంది గానీ, దాని దిగువ బిట్లు ముందుకు రావడంతో ఆ వరుస చెడిపోతుంది.

నేను చూసుకున్న ఒక మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో పెద్ద టేబుల్ వెర్షన్ 4తోనే పెరిగింది. దాని నిల్వ వ్యవస్థ ఇన్నోడీబీ రికార్డులను ప్రైమరీ కీ వరుసలోనే భద్రపరుస్తుంది కాబట్టి, ఒక్కో కొత్త రికార్డు ఎక్కడో ఒక పేజీని (డిస్క్‌పై రికార్డులు ఉండే భాగాన్ని) వెతుక్కుంటూ పోయేది. టేబుల్, పేజీలను మెమరీలో ఉంచే బఫర్ పూల్‌లో పట్టనంత పెరిగాక ప్రతి ఇన్సర్ట్‌కూ దాదాపు ఒక డిస్క్ రీడ్ తప్పేది కాదు. కొత్త రికార్డులకు వెర్షన్ 7 ఇవ్వడం మొదలుపెట్టాక ఇన్సర్ట్‌లన్నీ కొద్దిపాటి పేజీలకే పరిమితమై ఆ భారం తగ్గింది. అయితే ఒక విషయాన్ని ఎవరూ ముందుగా చెప్పరు: ఇప్పటి వెర్షన్ 7 విలువలన్నీ 01తో మొదలవుతాయి, పాత వెర్షన్ 4 విలువలు మాత్రం మొత్తం పరిధిలో చెదిరి ఉంటాయి. అందువల్ల ఐడీ ప్రకారం వరుస పెడితే కొత్త రికార్డులు అధికశాతం పాతవాటికంటే ముందు కనిపిస్తాయి.

పూర్తిగా వెర్షన్ 7తోనే మొదలైన టేబుల్‌లో కూడా ఆ వరుసను సాక్ష్యంగా తీసుకోలేము. ఒకే మిల్లీసెకనులో పుట్టిన ఐడీల మధ్య క్రమానికి, కౌంటర్ లాంటి ఏర్పాటు ఉంటే తప్ప, హామీ లేదు. వేర్వేరు సర్వర్ల గడియారాలు ఒకదానితో ఒకటి సరిపోలవు, సరిదిద్దినప్పుడు వెనక్కీ జరగవచ్చు. పోస్ట్‌గ్రెస్ 18 డేటాబేస్‌లోని యూయూఐడీవీ7 ఫంక్షన్ క్రమాన్ని నిలబెడుతుంది గానీ, అదీ ఒక్క సెషన్ (డేటాబేస్‌తో ఒక కనెక్షన్) వరకే. అన్నిటికంటే ప్రమాదకరమైనది కమిట్ ఆలస్యం: ముందు ఐడీ పొందిన ట్రాన్సాక్షన్ (ఒకే పనిగా చేసే మార్పుల సమూహం) తర్వాత కమిట్ కావచ్చు (అంటే ఖరారై ఇతరులకు కనిపించవచ్చు) గనుక, చివరిగా చదివిన ఐడీకంటే పెద్దవాటినే అడిగే ప్రోగ్రామ్ ఆ రికార్డును శాశ్వతంగా వదిలేస్తుంది.

కాబట్టి తేదీ కాలమ్‌ను ఉంచండి. సృష్టించిన సమయం బయటివారికి తెలియకూడని చోట, ముఖ్యంగా పాస్‌వర్డ్ రీసెట్ లింకులలో, వెర్షన్ 7ను అసలే వాడకండి.