చేద దించినట్టు నెమ్మదిగా వదలండి

ఇంట్లో వ్యాయామం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు అమలాపురం ఫిజియోథెరపిస్టు జవాబులు

ప్రశ్న: మేడమ్ గారండీ, మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. నాకు 56 ఏళ్లు. కింద కూర్చుంటే గోడ పట్టుకుంటే గానీ లేవలేకపోతున్నాను. డాక్టరు గారు ఎక్స్‌రే చూసి మోకాళ్లు అరగడం మొదలైందని, తొడ కండరాలకు బలం రావాలని చెప్పారు. పొద్దున్నే కాలవ గట్టు మీద నడుస్తూనే ఉన్నాను. హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రబ్బరు బ్యాండ్లు పంపింది. ఆరు నెలలుగా బీరువాలోనే ఉన్నాయి. చూస్తే పిల్లల ఆటవస్తువుల్లా ఉన్నాయి. లాగుతుంటే తెగి మొహం మీద కొడతాయేమోనని టెన్షన్. బీపీ మాత్ర వేసుకుంటాను. వీటితో నిజంగా ఉపయోగం ఉంటుందా అండీ?

జవాబు: ఉంటుందమ్మా. ఈ రోజే బీరువాలోంచి తీయండి. నడక మానొద్దు గానీ, నడక ఒక్కటే తొడలకు చాలినంత బలం ఇవ్వదు. వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఉంది. మోకాలు అరిగినవాళ్లకు ఇది మరీ ముఖ్యం. తొడ కండరం బలంగా ఉంటే కుర్చీలోంచి లేచేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు మోకాలికి ఆసరా దొరుకుతుంది.

మీ భయం అనవసరమని అనను. కొన్నేళ్ల కిందట మా ఇంటి కిటికీ ఊచకు బ్యాండు కట్టి లాగుతున్నాను. ఉప్పుగాలికి ఊచ తుప్పు పట్టి గరుకుగా తయారైంది, నేను చూసుకోలేదు. బ్యాండు తెగి చెంప మీద కొట్టింది. కంటికి రెండు వేళ్ల దూరం. ఆ వాత వారం రోజులు పోలేదు. అప్పటి నుంచి చూడకుండా ఒక్క బ్యాండు కూడా లాగలేదు, ఎవరినీ లాగనివ్వలేదు. మీరూ ప్రతిసారీ వెలుతురులో పట్టుకుని, కొద్దిగా సాగదీసి, ఈ చివర నుంచి ఆ చివర దాకా చూడండి. చిన్న గాటు గానీ, సూది బెజ్జమంత రంధ్రం గానీ, జిగట గానీ కనిపిస్తే పారేయండి. మూడు బ్యాండ్ల సెట్టు మూడు నాలుగు వందల్లో వస్తుంది, దానికోసం కన్ను పణంగా పెట్టొద్దు. కొబ్బరి చెట్టుకు కట్టి లాగేవాళ్లను చూశాను. ఆ గరుకు మానుకు రబ్బరు కోసుకుపోతుంది. మీది మండువా ఇల్లయితే నున్నటి టేకు స్తంభం బాగుంటుంది, దానికీ పాత చీర ముక్క చుట్టి, దాని మీద కట్టండి. ఏ బ్యాండునూ అసలు పొడవుకు రెండింతలు మించి సాగదీయకండి.

ఇంకొక్క మాట. మన ఇళ్లలో చేతికి కొబ్బరినూనె అంటని రోజు ఉండదు. నూనెకు రబ్బరు పాడవుతుంది. సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని పట్టుకోండి. కొబ్బరి ఆరబెట్టే డాబా మీద ఎండలో వదిలేయకండి. వానాకాలం తేమకు బ్యాండ్లు ఒకదానికొకటి అతుక్కుంటే కాస్త పౌడరు చల్లి డబ్బాలో పెట్టండి.

ఇక అసలు సంగతి. ఇనుప బరువు ఎత్తితే మొదటి నుంచి చివరి దాకా అదే బరువు. బ్యాండు సాగే కొద్దీ బిగుస్తుంది. చాలామంది కష్టపడి లాగుతారు, తిరిగి వచ్చేటప్పుడు మాత్రం టపీమని వదిలేస్తారు. సగం వ్యాయామం అక్కడే పోతుంది. మీరు చిన్నప్పుడు గిలక బావిలో నీళ్లు తోడే ఉంటారు. చేద దించేటప్పుడు తాడు ఒక్కసారిగా వదిలేస్తే అరచేయి కాలిపోయేది కదా? గుప్పిట్లో ఆపుతూ, ఆపుతూ దించేవాళ్లం. బ్యాండును కూడా అలాగే వదలాలి. లాగడానికి ఒకటి, రెండు. వదలడానికి ఒకటి, రెండు, మూడు, నాలుగు. అంకెలు పైకి వినపడేలా చెప్పండి. ఊపిరి బిగపడితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. నోటితో లెక్కపెడుతూ ఉంటే ఊపిరి బిగపట్టడం కుదరదు. ఈమధ్య కంటి ఆపరేషన్ అయిందా, బీపీ ఇంకా అదుపులోకి రాలేదా, అయితే ముందు మీ డాక్టరు గారిని అడిగాకే మొదలుపెట్టండి.

మొదటి వారం బ్యాండు లేకుండానే, గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని చేతుల ఆసరా లేకుండా లేవడం, నెమ్మదిగా కూర్చోవడం చేయండి. పది సార్లు. మరీ కష్టమైతే కుర్చీలో దిండు వేసి ఎత్తు పెంచుకోండి. తర్వాత పసుపు బ్యాండు తీయండి. రంగుల లెక్క కంపెనీని బట్టి మారుతుంది గానీ, చాలా సెట్లలో పసుపు మెత్తనిది. మీ అమ్మాయి పంపినవి పొడుగాటి పట్టీలో, గుండ్రటివో మీరు రాయలేదు. పట్టీ అయితే చివరలు ముడి వేసుకోండి. కుర్చీలో కూర్చుని, మోకాళ్లకు కాస్త పైన తొడల చుట్టూ వేసుకుని, రెండు మోకాళ్లనూ ఎడంగా జరిపి నెమ్మదిగా దగ్గరికి తీసుకురండి. చీర మీద బ్యాండు జారిపోతుంది, పంజాబీ డ్రెస్ వేసుకుంటే సుఖం. అది అలవాటయ్యాక అదే బ్యాండును కుర్చీ ముందు కాలికీ, మీ చీలమండకూ కలిపి వేసి, మోకాలు చాపి మళ్లీ మడవండి. అరికాలికి తగిలించి చేతులతో లాగే వ్యాయామం ఇప్పుడే వద్దు. పాదం నుంచి జారితే నేరుగా మొహం మీదకే వస్తుంది.

ఒక్కోటి పన్నెండు సార్లు, కాస్త ఆగి మరో పన్నెండు. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామం. పదిహేను సార్లు చేశాక కూడా ఇంకో ఐదారు చేయగలననిపిస్తే ఎరుపుకు వెళ్లండి. మర్నాడు తొడలు పట్టేసినట్టుంటే కంగారు పడొద్దు. కీలులో పోటు వచ్చినా, మోకాలు వాచినా ఆపేసి డాక్టరుకు చూపించండి.

ఆటవస్తువులన్నారు కదా, మా అమ్మ కూడా అదే అంది. 68వ ఏట ఆమెకు మణికట్టు విరిగింది. కట్టు విప్పాక నిండు చెంబు కూడా ఎత్తలేకపోయింది. పసుపు బ్యాండుతో అరుగు మీద కూర్చుని మొదలుపెట్టింది. నాలుగో నెలలో దొడ్లో బోరింగు దగ్గర నుంచి సగం బిందె తనే మోసుకొచ్చుకుంది. అప్పుడు ఆమె మొహంలో చూసిన ధీమా మీకూ రావాలనే ఇంత వివరంగా రాస్తున్నాను. రెండు నెలలయ్యాక ఎలా ఉందో రాయండమ్మా.

ప్రశ్న: మాది భీమవరం. వయసు 24. జిమ్ మానేసి బ్యాండ్లతోనే చేస్తే కండలు తగ్గిపోతాయా?

జవాబు: తగ్గనక్కర్లేదు బాబూ. బ్యాండ్లతో చేసినవాళ్లకూ, మామూలు బరువులతో చేసినవాళ్లకూ బలం దాదాపు ఒకేలా పెరిగిందని, అంతకుముందు జరిగిన అధ్యయనాలను కలిపి చూసి 2019లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. అయితే ఇక రెండు మూడు సార్లు మించి చేయలేననే దాకా చేయాలి, మెత్తటి బ్యాండుతో యాభై సార్లు లాగేసి ఊరుకుంటే లాభం లేదు. కాళ్లకు మందపాటి గుండ్రటి బ్యాండు తీసుకోండి. బెలూన్ ఊదినా దద్దుర్లు వచ్చే శరీరమైతే లేటెక్స్ (రబ్బరు చెట్టు పాలతో చేసే రబ్బరు) లేనిది కొనండి.

ప్రశ్న: మాది లంక ఊరండీ. వరదొస్తే వారం, పది రోజులు గడప దాటలేం. భుజం నొప్పికి బ్యాండు లాగమన్నారు. పాత సైకిల్ ట్యూబు వాడొచ్చా?

జవాబు: వాడొచ్చండీ. వాల్వు ఉన్న ముక్క కోసి తీసేయండి. పంచరు అతుకులున్నది, మడతల్లో పగుళ్లున్నది మాత్రం వద్దు. ట్యూబు మందంగా ఉంటుంది, తక్కువ సాగుతుంది, కాబట్టి మొదట పొడుగ్గా పట్టుకుని తేలిగ్గా లాగండి. మోచేతులు ఒంటికి ఆనించి, నడుం ఎత్తులోనే లాగండి. తల పైకి, మొహం వైపుకు వద్దు. చెయ్యి ఎంత ఎత్తాక నొప్పి మొదలవుతోందో, రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోగలుగుతున్నారో లేదో రాయండి. అది తెలిస్తే మిగతావి వచ్చే నెల చెబుతాను.