ముందు పిల్ల చెప్పేది పూర్తిగా విను

అమ్మలూ,

బడిలో పిల్లల ఆన్‌లైన్ భద్రత పని నీకు అప్పగించారని, తల్లిదండ్రులతో మీటింగ్ కూడా పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత గర్వంగా అనిపించిందో! ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. అందుకే నువ్వు అడక్కపోయినా రాస్తున్నాను.

పాస్‌వర్డులు, ప్రైవసీ సెట్టింగులు, ప్రొఫైల్లో యూనిఫాం ఫోటో పెట్టకపోవడం, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి పంచేస్తే చాలు. ఇన్‌స్టాగ్రామ్ 2024లో టీనేజర్ల కోసం రక్షణలు ముందే పెట్టి ఉంచిన ‘టీన్ అకౌంట్లు’ తెచ్చింది. 16 ఏళ్లు నిండనివాళ్లు ఆ రక్షణలు సడలించుకోవాలంటే పెద్దల అనుమతి కావాలి. కానీ పుట్టిన సంవత్సరం మార్చి ఖాతా తెరిస్తే ఆ రక్షణ అందకుండా పోవచ్చు. చాలా ఇళ్లల్లో ఆ సంవత్సరం మార్చి ఇచ్చేది తల్లిదండ్రులే. మీటింగులో ఈ మాట మొహమాటపడకుండా చెప్పు.

నా భయం వేరే. నేను పనిచేసిన ఒక బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఫోటో ఒకటి పిల్లల ఫోన్లలో తిరిగింది. ఆటలో పరిచయమైనవాడు తన ఈడువాణ్నేనని నమ్మించి, మాటలను ప్రైవేట్ చాట్‌లోకి మార్చి, బతిమాలి తీసుకున్న ఫోటో అది. విషయం బయటపడగానే పెద్దలు చేసినదంతా తప్పే. ‘ఏదీ, చూపించండి’ అంటూ ఆ ఫోటోను స్టాఫ్ ఫోన్లలోకి కూడా తెప్పించారు. అసెంబ్లీలో పేరు చెప్పకుండా చీవాట్లు పెట్టారు, కానీ ఎవరి గురించో అందరికీ తెలుసు. ఇంట్లో తండ్రి ఫోన్ లాక్కుని చాట్ మొత్తం చెరిపేశాడు. దాంతో వాడెవడో పట్టుకోవడానికి ఆధారమే లేకుండా పోయింది. ‘అసలు నువ్వెందుకు పంపావు?’ అని ఎదురుపడ్డ ప్రతి పెద్దమనిషీ అడిగాడు. ఆ పిల్ల బడి మానేసింది. అది చూసిన మిగతా పిల్లలు, ఏం జరిగినా పెద్దవాళ్లకు మాత్రం చెప్పకూడదని నేర్చుకున్నారు. తర్వాత అదే బడిలో ఒక అబ్బాయి, ఫోటో బయటపెడతామన్న బెదిరింపులకు లొంగి, ఇంట్లో డబ్బు తీసి నెలల తరబడి కట్టాడు. ఒక్కరికీ చెప్పలేదు. మగపిల్లలకు ఇలాంటివి రావని అనుకోకు తల్లీ, డబ్బు కోసం బెదిరించేవాళ్లు ఎక్కువగా వాళ్లనే పట్టుకుంటారు. ఒకసారి కడితే మళ్లీ అడుగుతారు.

అందుకని, ఎవరైనా పిల్ల నీ దగ్గరికి వస్తే ముందు పూర్తిగా విను. ‘చెప్పి మంచి పని చేశావు, ఫోన్ లాక్కోను’ అను. ఫోన్ పోతుందన్న భయమే చాలామంది నోరు కట్టేస్తుంది. బెదిరింపు మెసేజ్‌లు, అవతలివాడి ఖాతా పేరు, తేదీలు భద్రం చేశాకే రిపోర్ట్ చేసి బ్లాక్ చేయించు. ఆ ఫోటోను మాత్రం నువ్వు తీసుకోకు, ఎవరికీ పంపకు. మైనర్ల నగ్న ఫోటో దగ్గర పెట్టుకోవడం చాలా దేశాల్లో నేరమే. తర్వాత ఇంట్లోవాళ్లతో కలిసి పోలీసుల దగ్గరికి వెళ్లాలి.

‘టేక్ ఇట్ డౌన్’ అని ఒక ఉచిత సేవ ఉంది. 18 ఏళ్లు నిండకముందు తీసిన నగ్న, అర్ధనగ్న చిత్రాల కోసమే పెట్టారు. ఫోటో ఫోన్ దాటి వెళ్లదు, వేలిముద్ర లాంటి దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళుతుంది. అందులో చేరిన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటివి ఆ గుర్తుతో వెతికి తీసేస్తాయి. మాట్లాడుకునేవాళ్లు తప్ప ఇంకెవరూ చూడలేని ప్రైవేట్ ఎన్‌క్రిప్టెడ్ చాట్లలో తిరిగేదాన్ని మాత్రం అది ఆపలేదు. ఆ సంగతి కూడా పిల్లలకు దాచకుండా చెప్పు.

నీకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అదే నా బెంగ. చిన్నప్పుడు మార్కులు తగ్గితే ప్రోగ్రెస్ కార్డు మీ నాన్నకు చూపించకుండా నా దగ్గరికి పట్టుకొచ్చేదానివి. ఎందుకో నీకు తెలుసు కదా బంగారం. మీ బడిలో పిల్లలకు అలాంటి మనుషులు ఇద్దరైనా ఉండాలి, ఒక ఆడ టీచరు, ఒక మగ టీచరు. మీటింగు కంటే ముందే మీ హెడ్మాస్టరుతో మాట్లాడి ఆ ఇద్దరి పేర్లు తేల్చు. పిల్లలు చెప్పింది స్టాఫ్ రూములో కబుర్లుగా మారకూడదని అక్కడే గట్టిగా మాట తీసుకో.

ఆశీస్సులతో,
మీ అత్త