అమెరికావాళ్ళ పద్ధతుల మీద విసుగు పుట్టినప్పుడు

చిరంజీవి చైతన్యకు పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. నీకు వీసా వచ్చిందనీ, ఆగస్టులో డాలస్ దగ్గరి విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్.లో చేరబోతున్నావనీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు చాలా సంతోషం కలిగింది. కుక్కరు తెచ్చుకోవాలా, పచ్చళ్ళు ఎన్ని కిలోలు సర్దుకోవాలి వంటి ప్రశ్నలకు నీ సీనియర్లు నాకంటే బాగా సమాధానం చెప్పగలరు. నేను రాయదలచుకున్నది వేరే సంగతి. ఇక్కడికి వచ్చిన తొలి సంవత్సరంలో ఈ దేశస్థుల పద్ధతులు కొన్ని నీకు తప్పకుండా చిరాకు తెప్పిస్తాయి. అది మనవాళ్ళకే కలిగే చిరాకు కాదు; నాతో కలిసి పనిచేసిన జర్మనీ, నైజీరియా, కొలంబియా, ఫిలిప్పీన్స్ దేశాలవాళ్ళు కూడా ఇంచుమించు ఇవే విషయాల మీద విసుక్కునేవారు. ఆ విసుగులో కొంత ఇక్కడి ఏర్పాట్లు తెలియకపోవడం వల్ల వచ్చేది, కొంత వీళ్ళ దృష్టిలో నిజంగానే ఉన్న లోపం వల్ల వచ్చేది. ఈ రెండింటినీ విడదీసి చూడటం నేర్చుకోకపోతే, అన్నిటిమీదా ఒకే కోపం పెంచుకుని, చదువుకునే రెండేళ్ళూ గదిలో మనవాళ్ళ మధ్యనే కూర్చుని అమెరికావాళ్ళను తిట్టుకోవడంతో సరిపోతుంది. శని, ఆదివారాల్లో మా ఇంటికి భోజనానికి వచ్చే పిల్లల్లో అలా అయిపోయినవాళ్ళను చూశాను కాబట్టే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

మొదటి వారంలోనే ఎదురయ్యేది డబ్బు విషయం. దుకాణంలో వస్తువు మీద రాసి ఉన్న ధర ఇక్కడ నువ్వు చెల్లించే ధర కాదు. మన దగ్గర ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి; ఇక్కడ అమ్మకం పన్నును కౌంటరు దగ్గర విడిగా కలుపుతారు. దేశమంతటికీ ఒకే పన్ను లేకపోవడం, రాష్ట్రం కొంత, ఊరు కొంత వేసుకోవడం దీనికి ఒక కారణం. టెక్సస్ రాష్ట్రం 6.25 శాతం వేస్తుంది, స్థానిక పన్నులతో కలిపి అది 8.25 శాతం దాకా వెళ్తుంది. వండుకునే సరుకుల మీద మాత్రం చాలావరకు పన్ను ఉండదు. యూరప్ నుంచి వచ్చినవాళ్ళు కౌంటరు దగ్గర చిల్లర లెక్కపెట్టి పట్టుకుని, అది చాలక తెల్లబోవడం నేను చాలాసార్లు చూశాను.

టిప్పు సంగతి ఇంకా ముఖ్యం. రెస్టారెంటులో 24 డాలర్ల భోజనం చేశావనుకో. బిల్లులో పన్ను 1.98 కలుస్తుంది. దాని కింద టిప్పు కోసం ఒక ఖాళీ గీత, మొత్తం కోసం ఇంకో ఖాళీ గీత ఉంటాయి. ఆ రెండూ నువ్వే నింపి సంతకం పెట్టాలి. పద్దెనిమిది శాతం చొప్పున 4.32 వేస్తే మొత్తం 30.30 అవుతుంది. జపానులో టిప్పు ఇచ్చే ఆచారమే లేదు, ఆస్ట్రేలియాలో అది అంత ఖచ్చితం కాదు; అందుకే ఆ దేశాలవాళ్ళకు ఇది దోపిడీలా కనిపిస్తుంది. దీని వెనకాల ఉన్న చట్టం ఏమిటో తెలుసుకో. టిప్పులు వచ్చే ఉద్యోగికి యజమాని ఇవ్వవలసిన కనీస వేతనం ఫెడరల్ (ఇక్కడి కేంద్ర ప్రభుత్వ) చట్టం ప్రకారం గంటకు 2.13 డాలర్లు, 1991 నుంచి ఆ అంకె మారలేదు. టెక్సస్‌లోనూ అదే అమల్లో ఉంది. మిగిలిన జీతం చాలావరకు నీలాంటి వాళ్ళు ఇచ్చే టిప్పుతోనే రావాలి. ఇది అన్యాయమైన ఏర్పాటు అనే నా అభిప్రాయం, ఎందుకంటే యజమాని మోయవలసిన భారాన్ని తినడానికి వచ్చినవాడి మీదికి నెట్టేశారు. కానీ నువ్వు టిప్పు ఎగ్గొడితే ఆ చట్టం మారదు, నీకు మంచినీళ్ళు తెచ్చి పెట్టిన అమ్మాయికి ఆ పూట కూలి తగ్గుతుంది, అంతే. భారతీయులు టిప్పు ఇవ్వరన్న చెడ్డపేరు చాలా చోట్ల ఉంది, దాన్ని నువ్వు ఇంకా పెంచవద్దు. అయితే కాఫీ కౌంటరులో కప్పు చేతికిచ్చి తెర నీ వైపు తిప్పి శాతాలు చూపించినంత మాత్రాన ఇచ్చి తీరాలని లేదు. అక్కడ ‘వద్దు’ అన్న బొత్తాం నొక్కడానికి మొహమాటపడకు.

రెండో సంగతి వీళ్ళ చనువు. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఎలా ఉన్నావని అడిగి, నువ్వు నోరు తెరిచేలోపు దాటిపోతారు. తరగతిలో పరిచయమైనవాడు ఒకరోజు కలిసి భోజనం చేద్దామంటాడు, ఆ ఒకరోజు ఎప్పటికీ రాదు. మనలో పెద్దలు పిలిచి ‘తప్పకుండా రావాలి’ అంటే అది పిలుపు కాబట్టి మనకు ఇది మాట తప్పినట్టు అనిపిస్తుంది. యూరప్‌వాళ్ళు దీన్ని సూటిగా నటన అంటారు. నేను అలా అనను. తరచుగా ఊళ్ళు మారుతూ, పరిచయం లేనివాళ్ళ మధ్య బతకవలసి వచ్చిన సమాజం ఇది, కొత్తవాడిని భయపెట్టకుండా ఉండటానికి పెట్టుకున్న మర్యాద అది. నీకు నిజంగా ఆ మనిషితో స్నేహం కావాలనిపిస్తే, ‘గురువారం పన్నెండున్నరకు కాంటీనులో కలుద్దామా’ అని రోజూ వేళా నువ్వే చెప్పు. చాలామంది సంతోషంగా వస్తారు. అలాగే ప్రొఫెసరు నీ పనిని ఆకాశానికెత్తుతూ మెచ్చుకున్నప్పుడు, ఆ మెచ్చుకోలు తర్వాత మెత్తగా చెప్పిన రెండు సూచనలే అసలు మాటలని గ్రహించు. వాటిని వదిలేసిన పిల్లలకు చివర్లో మార్కులు తగ్గి, ‘నన్ను పొగిడారు కదా’ అని ఆశ్చర్యపోయారు.

ఇక నిజంగా కోపం తెప్పించే విషయానికి వస్తాను. ప్రపంచం తమ ఒడ్డుతో ముగిసిపోయిందన్నట్టు మాట్లాడే అలవాటు వీళ్ళలో చాలామందికి ఉంది. తమ బేస్‌బాల్ పోటీకి 1903 నుంచి ‘వరల్డ్ సిరీస్’ అని ప్రపంచ స్థాయి పేరు పెట్టుకున్నారు, అందులో ఆడే విదేశీ జట్టు కెనడాలోని టొరంటో ఒక్కటే. అమెరికా అంటే తమ దేశం మాత్రమే అన్నట్టు మాట్లాడితే కొలంబియా, మెక్సికోలవాళ్ళకు ఎంత కష్టంగా ఉంటుందో వాళ్ళతో పనిచేస్తే తెలుస్తుంది. నైజీరియా నుంచి వచ్చిన నా సహోద్యోగిని, మూడు భాషల్లో పత్రాలు చదవగల మనిషిని, ‘మీ ఆఫ్రికా దేశంలో’ అని సంబోధిస్తూ మాట్లాడినవాళ్ళు చదువుకున్నవాళ్ళే. నిన్ను కూడా ‘నువ్వు ఇండియన్ భాష మాట్లాడతావా’ అని అడుగుతారు, ‘నీ ఇంగ్లీషు ఇంత బాగుందేమిటి’ అని మెచ్చుకుంటారు.

దీనికి కారణం లేకపోలేదు. ఒక్క టెక్సస్ రాష్ట్రమే విస్తీర్ణంలో మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినదానికి రెండున్నర రెట్లు ఉంటుంది. సముద్రం నుంచి సముద్రం దాకా నాలుగైదు రోజులు కారు నడిపినా అదే భాష, అదే డబ్బు, అవే దుకాణాలు. సరిహద్దు పంచుకునే దేశాలు రెండే. పక్కవాడి భాష నేర్చుకోకపోతే గడవని అవసరం వీళ్ళలో చాలామందికి ఎన్నడూ రాలేదు. కారణం తెలిసింది కదా అని ఊరుకోమని నేను చెప్పడం లేదు. పన్ను, టిప్పు విషయాల్లో సర్దుకుపోవాలి కానీ, ఇక్కడ సర్దుకుపోకూడదు. వెటకారం చేయకుండా, ఒక్క నిజమైన సమాచారంతో సమాధానం చెప్పు. ‘నా భాష తెలుగు, 2011 జనాభా లెక్కల ప్రకారం దాన్ని మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు 8 కోట్లకు పైగా ఉన్నారు, ఇంగ్లీషు నేను ఒకటో తరగతి నుంచి చదివాను’ అని ప్రశాంతంగా చెబితే, ఎదుటివాడు చాలాసార్లు సిగ్గుపడడు, ఆసక్తిగా ఇంకో ప్రశ్న వేస్తాడు. అడిగినదానికి సూటిగా చెబితే వినే గుణం వీళ్ళలో ఉంది. ప్రొఫెసరు చెప్పినది తప్పని తరగతిలో మర్యాదగా ఎత్తి చూపినా కక్ష కట్టరు, ఆ స్వేచ్ఛను పూర్తిగా వాడుకో.

పేరు విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. నీ పాస్‌పోర్టులో వెంకట సాయి చైతన్య అని ఉంది కాబట్టి, ఇక్కడి హాజరు పట్టీలో మొదటి మాట ఒక్కటే తీసుకుని నిన్ను ‘వెంకట’ అని పిలుస్తారు. ఇంట్లో ఎవరూ ఏనాడూ పిలవని పేరుతో రెండేళ్ళు బతకవలసి వస్తుంది. ఒకే తరగతిలో నలుగురైదుగురు వెంకటలు ఉండటం మన పిల్లల విషయంలో మామూలే. చాలా విశ్వవిద్యాలయాల్లో పిలిచే పేరును విడిగా నమోదు చేసుకునే వీలుంది, చేరిన రోజే ఆ పని చెయ్యి. ‘చైతన్య’ అని నిదానంగా రెండుసార్లు పలికి చూపించు. వీళ్ళకు కష్టంగా ఉందని ‘చై’ అనో ‘సీ’ అనో నువ్వే కత్తిరించుకుని ఇవ్వకు. పోలండు, రష్యా పేర్లు పలకగలిగిన నోటికి మన పేరు పలకడం కష్టం కాదు, అలవాటు చేయించాలి. నీ స్నేహితుల్లో ఎవరికైనా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, బయలుదేరక ముందే సరిచేయించుకోమని చెప్పు. లేకపోతే వీసా మీద పేరు మొత్తం ఇంటిపేరు స్థానంలోకి వెళ్ళి, అసలు పేరు ఉండవలసిన చోట పేరు తెలియదన్న అర్థంలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతుంది. బ్యాంకులోనూ, డ్రైవింగు లైసెన్సు కార్యాలయంలోనూ దాన్ని వివరించలేక పిల్లలు పడే అవస్థ మామూలుది కాదు.

కొలతల గురించి ఎక్కువ చెప్పను. 1975లో మెట్రిక్ పద్ధతికి మారాలని చట్టం చేశారు కానీ అది ఎవరినీ నిర్బంధించలేదు, అందుకోసం పెట్టిన బోర్డును 1982లో ఎత్తేశారు. కొలతలు కలగాపులగం కావడం వల్లనే 1999లో అంగారకుడి దగ్గరకు పంపిన నౌకను పోగొట్టుకున్నా కూడా జనం మైళ్ళనూ పౌండ్లనూ వదల్లేదు. నువ్వు గుర్తుంచుకోవలసింది తేదీ ఒక్కటే: నెల ముందు, రోజు తర్వాత. 04/07 అంటే ఇక్కడ ఏప్రిల్ ఏడు. అద్దె కాగితాల మీదా, డాక్టరు అపాయింట్‌మెంటు మీదా నెల పేరును అక్షరాల్లో రాసే అలవాటు చేసుకో. గ్రంథాలయంలో ఎండాకాలంలో కూడా స్వెట్టరు కావలసినంత చలి పెడతారు, ఒకటి సంచిలో ఉంచుకో.

సెలవు తీసుకోకపోవడాన్ని గొప్పగా చెప్పుకోవడం ఇంకో జబ్బు. జర్మనీలో వారానికి అయిదు రోజులు పనిచేసేవాళ్ళకు ఏడాదికి కనీసం 20 రోజుల జీతంతో కూడిన సెలవు చట్టం ఇస్తుంది, ఇక్కడ ఫెడరల్ చట్టంలో అటువంటి హక్కే లేదు. బల్ల దగ్గరే తింటూ పనిచేయడం శ్రద్ధకు గుర్తనుకుంటారు. బాధపడవలసిన విషయమేమిటంటే మన పిల్లలు ఈ అలవాటును అందరికంటే ముందుగా అంటించుకుంటున్నారు. నువ్వు ఆదివారం ఒక పూటైనా పుస్తకం మూసి పెట్టు.

చివరిగా వైద్యం. ఆసుపత్రి బిల్లుల విభాగంలోనే నా ఉద్యోగ జీవితం గడిచింది కాబట్టి దీని గురించి నాకు బాగా తెలుసు. కెనడావాళ్ళకూ బ్రిటన్‌వాళ్ళకూ అమెరికా మీద అన్నిటికంటే ఎక్కువ కోపం దీనిమీదే, ఆ కోపం పూర్తిగా న్యాయమైనది. ముందుగా ధర చెప్పరు. చేతికి కుట్లు వేయించుకుని వచ్చాక, కొన్ని వారాలకు ఆసుపత్రి నుంచి ఒక బిల్లు, డాక్టరు నుంచి వేరే బిల్లు, పరీక్షలు చేసిన ల్యాబు నుంచి మరో బిల్లు వస్తాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో జీతాలు పెంచకుండా ప్రభుత్వం కట్టడి చేస్తే, యజమానులు జీతానికి బదులు వైద్య బీమా ఇవ్వడం మొదలుపెట్టారు. తర్వాత పన్ను రాయితీ కూడా తోడై, బీమా ఉద్యోగానికి కట్టుబడిపోయింది. అందువల్ల ఉద్యోగం లేని విద్యార్థివి నువ్వు విశ్వవిద్యాలయం బీమా తప్పక తీసుకోవాలి. చవకగా దొరుకుతుందని ఏదో ప్రయాణపు పాలసీతో సరిపెట్టుకుంటే, పెద్ద జబ్బు చేసినప్పుడు దాని లోపం బయటపడుతుంది.

జ్వరానికీ, కడుపునొప్పికీ ముందు క్యాంపసులోని ఆరోగ్య కేంద్రానికి వెళ్ళు. అది మూసి ఉంటే అర్జెంట్ కేర్‌కు, అంటే ప్రాణాపాయం లేని తక్షణ అవసరాలకు చూసే క్లినిక్కుకు వెళ్ళు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం ఖర్చు ఆలోచించకుండా ఎమర్జెన్సీకే వెళ్ళాలి; డబ్బు ఉన్నా లేకపోయినా పరీక్షించి, ప్రమాదం నుంచి బయటపడేసి తీరాలని 1986 నాటి చట్టం ఉంది. ఎమర్జెన్సీలో నీ బీమా కంపెనీతో ఒప్పందం లేని డాక్టరు చూసినా అదనంగా వసూలు చేయకూడదన్న చట్టం 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది, అయితే రోడ్డు మీద నడిచే అంబులెన్సుకు అది వర్తించదు. బీమా కంపెనీ పంపే మొదటి కాగితం మీద ‘ఇది బిల్లు కాదు’ అని రాసి ఉంటుంది, దాన్ని చూసి కంగారుపడి డబ్బు కట్టకు. అసలు బిల్లు వచ్చాక, ఏ సేవకు ఎంత వేశారో విడివిడిగా చూపించే పట్టికను అడుగు. లాభాపేక్ష లేని ఆసుపత్రులన్నీ ఆర్థిక సహాయ విధానాన్ని రాతపూర్వకంగా పెట్టుకుని తీరాలి. దాని దరఖాస్తు ఇమ్మని అడగడం నీ హక్కు. అడిగినవాళ్ళకు బిల్లు తగ్గడం నేను నా బల్ల దగ్గర కూర్చుని చూశాను, అడగడానికి సిగ్గుపడి వాయిదాల్లో మొత్తం కట్టినవాళ్ళనూ చూశాను.

బీమా వివరాల పుస్తకం విశ్వవిద్యాలయం నుంచి నీకు జులైలో మెయిలులో రావచ్చు. వచ్చిన వెంటనే నాకు పంపు. నీ చేతి నుంచి ఎంత పోతుంది, బీమా ఎక్కడి నుంచి మొదలవుతుంది అన్న పేజీలకు గుర్తులు పెట్టి తిరిగి పంపుతాను, అవి చదివాకే సంతకం చెయ్యి.

అమ్మానాన్నలను అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ