స్ప్రింగ్ ట్రైనింగ్ ప్రయాణం: టికెట్టు చవకే, ఖర్చంతా గదిదీ కారుదీ

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాము. నేను, మా అబ్బాయి బేస్‌బాల్ జట్టు టెక్సస్ రేంజర్స్‌కు అభిమానులం. మా ఆవిడకు ఆ ఆటపై అంత ఆసక్తి లేదు. వచ్చే మార్చిలో సీజన్‌కు ముందు జరిగే స్ప్రింగ్ ట్రైనింగ్ (సన్నాహక శిక్షణ) మ్యాచ్‌లు చూడటానికి ముగ్గురం అరిజోనా వెళ్లి ఐదు రోజులు ఉండాలనుకుంటున్నాము. అంచనా ఖర్చు 2,400 డాలర్లు. దీన్ని క్రెడిట్ కార్డుపై పెట్టి నెలకు 100 డాలర్ల చొప్పున తీర్చవచ్చా?

జవాబు: అలా చేయవద్దనే చెబుతాను. కార్డు వడ్డీ ఏటా 22 శాతం అనుకుంటే, ఆ లెక్కన అప్పు తీరడానికి దాదాపు 32 నెలలు పడుతుంది, వడ్డీకే సుమారు 790 డాలర్లు పోతాయి. అంటే ఈ మార్చి ఆటల బాకీ తీరకముందే మరో రెండు మార్చిలు వచ్చి వెళ్లిపోతాయి. అదే 100 డాలర్లను ఈ జూలై నుంచి ఫిబ్రవరి వరకు విడిగా దాచుకుంటే 800 డాలర్లు చేతిలో ఉంటాయి. మీ ప్రయాణాన్ని ఆ మొత్తానికి దగ్గరగా కుదించడమే ఇప్పుడు చేయవలసిన పని.

మీ అంచనాలో టికెట్ల వాటా చిన్నదే, ముఖ్యంగా అవుట్‌ఫీల్డ్ వెనక పచ్చికపై కూర్చునే చోట్లు తీసుకుంటే. అసలు భారం గదిది. ఫీనిక్స్ ప్రాంతంలో మార్చి వాతావరణం హాయిగా ఉంటుంది కాబట్టి, బేస్‌బాల్ లేకపోయినా ఆ నెలలో హోటళ్లకు గిరాకీయే. అభిమానులు కూడా తోడైతే అద్దెలు ఇంకా పెరుగుతాయి. రెండోది కారు. రేంజర్స్ శిబిరం ఉన్న సర్‌ప్రైజ్ పట్టణం నగరానికి వాయవ్య అంచున ఉంది, లైట్ రైలు అక్కడికి వెళ్లదు. పైగా ఆ జిల్లాలో అద్దె కార్లపై ప్రత్యేక పన్ను ఉంది. 2000లో ఓటర్లు ఆమోదించిన ఆ పన్ను ఆదాయంలో కొంత ఈ శిక్షణ మైదానాలకే వెళుతుంది. అందువల్ల వెబ్‌సైటులో మొదట కనిపించే రోజు అద్దెను కాక, పన్నులన్నీ కలిపిన చివరి మొత్తాన్నే లెక్కలోకి తీసుకోండి.

ఐదు రోజులు అవసరం లేదు. మిగతా సగం జట్లు దూరదూరంగా శిక్షణ పొందే ఫ్లోరిడాలోలా కాకుండా, అరిజోనాలో శిక్షణ పొందే 15 జట్లూ ఫీనిక్స్ చుట్టుపక్కలే ఉంటాయి. సర్‌ప్రైజ్ మైదానాన్ని రేంజర్స్, కాన్సస్ సిటీ రాయల్స్ పంచుకోవడంతో అక్కడ దాదాపు రోజూ ఆట దొరుకుతుంది. వారం మధ్యలో రెండు రాత్రులు, తండ్రీకొడుకులు ఇద్దరే వెళితే సరిపోతుంది (ఇంట్లో ఈ సలహా నాదని మాత్రం చెప్పకండి). రద్దు చేస్తే డబ్బు తిరిగి వచ్చే గదిని ఇప్పుడే పట్టుకోండి. తేదీ ఎంచుకునేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి: మార్చి మొదట్లో పేరున్న ఆటగాళ్లు రెండు మూడు ఇన్నింగ్స్ ఆడి తప్పుకుంటారు, పరాయి మైదానాలకు చాలాసార్లు వెళ్లరు. కాబట్టి నెల రెండో సగంలో, సర్‌ప్రైజ్‌లోనే జరిగే మ్యాచ్‌లకు టికెట్లు కొనండి.

ఫిబ్రవరి నాటికి 800 డాలర్లు జమ కాకపోతే గదిని రద్దు చేసి, ఏప్రిల్ వరకు ఆగండి. రేంజర్స్ అనుబంధ డబుల్-ఏ (ప్రధాన లీగ్‌కు రెండు మెట్లు కింది స్థాయి) జట్టు రఫ్‌రైడర్స్ మీ ఫ్రిస్కోలోనే ఆడుతుంది. సర్‌ప్రైజ్‌లో చివరి ఇన్నింగ్స్‌కు దిగే కుర్రాళ్లలో కొందరిని అక్కడ విమానం, గది, అద్దె కారు ఏవీ లేకుండానే చూడవచ్చు.