రాక్ అండ్ రోల్ వినాలంటే ఎల్విస్‌తో మొదలుపెట్టకండి

1950ల నాటి రాక్ అండ్ రోల్ పాటలు వినాలనుంది, తెల్లజాతి అమెరికన్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీతో మొదలుపెడితే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. ఎల్విస్ గొంతు మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ అతనితో మొదలుపెట్టడమంటే పుట్టింటి ఊసే తెలియకుండా అమ్మాయిని అత్తవారింట్లో పరిచయం చేసుకోవడమే.

'హౌండ్ డాగ్' (వేటకుక్క) పాట సంగతే చూడండి. అది ఎల్విస్ పాటేనని లోకమంతా నమ్ముతుంది. దాన్ని మొదట పాడినది బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని, 1952లో, లాస్ ఏంజెలెస్‌లో. రాసిన లీబర్, స్టోలర్‌లిద్దరికీ అప్పటికి ఇరవై ఏళ్లు నిండలేదు. 1953లో అది రిథమ్ అండ్ బ్లూస్, అంటే నల్లజాతి సంగీతపు హిట్ పాటల జాబితాలో ఏడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

నేనుండేది అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో. మా పక్కింటి పెద్దాయన ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. ఒక చలికాలం సాయంత్రం ఆయన నన్ను తమ ఇంటి సెల్లార్‌లోకి తీసుకెళ్లి, 45 ఆర్‌పీఎం రికార్డు ఒకటి తీశారు. ఆ రికార్డుల నడిమి రంధ్రం పెద్దది; అందులో ప్లాస్టిక్ బిళ్ల బిగించి, ముల్లు దించారు. మొదట 1956లో ఎల్విస్ పాడిన 'హౌండ్ డాగ్'. డ్రమ్ములు తుపాకీ పేలినట్టు మోగాయి. బాగుంది. ఆయన ఏమీ అనకుండా రికార్డు మార్చి థార్న్‌టన్ పాట పెట్టారు. వేగం సగానికి తగ్గింది. ఆమె గొంతు గరగరలాడుతూ, తొందరే లేకుండా వచ్చింది. తన చుట్టూ తిరుగుతూ తన సొమ్ము తిని బతికే మగవాణ్ణి ఒక ఆడది గుమ్మంలోంచే గెంటేస్తోందని అప్పుడు అర్థమైంది. చివర్లో వాద్యకారులు కుక్కల్లా మొరుగుతారు కూడా! ఎల్విస్ పాడిన మాటలు వేరు. లాస్ వేగస్‌లో ఒక బృందం మాటలు మార్చి పాడుతున్న రూపాన్ని అతను తీసుకున్నాడు. అందులో మగవాడు మాయమై, కుందేలును పట్టలేని కుక్క మిగిలింది. పాటలోని కోపమంతా అక్కడే ఆవిరైపోయింది. పెద్దాయన థార్న్‌టన్ పాటనే మళ్లీ పెట్టారు. ఆ తర్వాత నాకు ఎల్విస్ పాట పూర్తిగా వినాలనిపించలేదు.

ఇక్కడే మా ఊళ్లోని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్, అంటే ఈ సంగీతంలో గొప్పవాళ్లను గౌరవించే సంస్థ గురించి కూడా చెప్పాలి. ఎల్విస్‌ను 1986లో మొదటి జట్టులోనే చేర్చుకున్నారు. థార్న్‌టన్ 1984లో చనిపోయింది. ఆమెకు చోటు దొరికింది 2024లో. నలభై ఏళ్లు! దీన్ని నేను క్షమించలేను.

ఇదే కథ ఎన్నో పాటలకు జరిగింది. 1955లో న్యూ ఆర్లీన్స్‌లో లిటిల్ రిచర్డ్ అనే నల్లజాతి గాయకుడు 'టూటీ ఫ్రూటీ' పాడాడు. ఆ వెంటనే ప్యాట్ బూన్ అనే తెల్లజాతి గాయకుడు దాన్ని సాఫు చేసి పాడితే పాప్ జాబితాలో అదే పైకెక్కింది. రిచర్డ్ పాటలో ఎర్ల్ పామర్ డ్రమ్ములు విన్నవారెవరూ బూన్ పాటను రెండోసారి వినరు. మరో నల్లజాతి గాయకుడు ఫ్యాట్స్ డామినో పాడిన 'ఎయింట్ దట్ ఎ షేమ్'కూ అదే గతి పట్టింది. బూన్ పాడినది మొదటి స్థానానికి చేరింది.

ఒక హెచ్చరిక. ఫోన్ యాప్‌లలో గాయకుడి పేరు చూసి నొక్కేయకండి. ఆనాటి చాలామంది గాయకులు అవే పాటలను తర్వాతి దశాబ్దాల్లో చవక సంకలనాల కోసం మళ్లీ పాడారు. పేరు అదే, పాట అదే, ప్రాణం మాత్రం ఉండదు. రికార్డు చేసిన సంవత్సరం చూడండి. 1950ల పాటకు మెరుగులు దిద్దిన స్టీరియో ఉంటే వదిలేయండి, మోనో వినండి. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు, బేస్ ఒక్క ముక్క వినపడదు.

మీరడిగినది మొదటి పాట కదా. నన్నడిగితే థార్న్‌టన్ కంటే ముందు సిస్టర్ రోసెటా థార్ప్ అనే నల్లజాతి గాయని 1944లో రికార్డు చేసిన 'స్ట్రేంజ్ థింగ్స్ హ్యాపెనింగ్ ఎవ్రీ డే' వినండి. అది చర్చి పాట. గిటార్ వాయిస్తూ పాడింది ఆమే. రాక్ అండ్ రోల్ అక్కడే పుట్టిందని నా నమ్మకం. ఆ తర్వాత థార్న్‌టన్, ఆ తర్వాత రిచర్డ్. ఎల్విస్ వంతు నాలుగోది.