ముందు ఫైళ్లు బయటికి తీయి, రిపేరు సంగతి తర్వాత

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

బావ కంప్యూటర్ ఆన్ చేస్తే నల్లతెర మీద 'రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్' అని వచ్చి ఆగిపోతోందనీ, షాపులో ఫార్మాట్ కొట్టాల్సిందే అన్నారనీ చెప్పావు. ఒప్పుకోకు తల్లీ. విండోస్ ఎక్కడుందో దానికి కనబడటం లేదని మాత్రమే ఆ మాటకి అర్థం. ఫైళ్లు పోయాయని కాదు.

ఫార్మాట్ అంటే నాకెందుకంత భయమో చెబుతాను. 2009లో మా డీటీపీ సెంటర్‌లో ఒక సిస్టమ్ ఇలాగే మొరాయించింది. బాగుచెయ్యడానికొచ్చిన అబ్బాయి "సీ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేస్తానండీ, డీలో ఉన్నవన్నీ అలాగే ఉంటాయి" అన్నాడు. సరేనన్నాను. డీలో ఉన్నవి ఉన్నాయి, నిజమే. కానీ మీ తాతయ్య చివరి సంక్రాంతికి తీసిన ఫొటోలు డెస్క్‌టాప్ మీద ఉన్నాయి. డెస్క్‌టాప్, మై డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అన్నీ సీ డ్రైవ్‌లోని ఫోల్డర్లే. ఆ ఫొటోలు మళ్లీ దొరకలేదు. అందుకే చెబుతున్నా, కాపీ చేతికి రానిదే ఎవరు ఫార్మాట్ అన్నా తలూపకు.

ముందుగా కంప్యూటర్‌కి పెన్‌డ్రైవ్ ఏదైనా గుచ్చి ఉందేమో చూడు. డీవీడీ డ్రైవ్‌లో పాత డిస్క్ ఉందేమో చూడు. బయాస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే, కంప్యూటర్ సెట్టింగులుండే చోటు) బూట్ ఆర్డర్, అంటే విండోస్ కోసం ముందు ఎక్కడ వెతకాలనే వరస, పెన్‌డ్రైవ్‌తో మొదలైతే అది హార్డ్‌డిస్క్ దాకా పోకుండానే ఆగిపోవచ్చు. అలాంటివేం లేకపోతే ఆన్ చేసి, హార్డ్‌డిస్క్ దగ్గర చెవి పెట్టి విను. సన్నగా గుయ్‌మంటూ తిరిగితే మంచిదే. టక్, టక్ అని ఒకే లయలో కొట్టుకుంటుంటే వెంటనే ఆపేసి, ఇక ఆన్ చెయ్యకు. లోపల చదివే హెడ్డు దెబ్బతిని ఉండవచ్చు. ఆన్ చేసిన ప్రతిసారీ ఫైళ్లుండే ప్లేటు మీద గీత పడే ప్రమాదం ఉంటుంది. అప్పుడది డేటా రికవరీ వాళ్ల పని, మనింట్లో తేలేది కాదు.

చప్పుడు బాగుంటే బయాస్‌లోకి వెళ్లి తేదీ చూడు. ఏళ్ల కిందటి తేదీ చూపిస్తోందంటే మదర్‌బోర్డు మీది సెల్లు అయిపోయినట్టే. దాని పేరు సీఆర్ 2032, 3 వోల్టులు, గుండ్రంగా బిళ్లలా ఉంటుంది. వాచీల కొట్లో కూడా దొరుకుతుంది. అది అయిపోతే బయాస్ తన సెట్టింగులు మర్చిపోతుంది. ఇక్కడొక చిన్న మెలిక ఉంది, చాలామంది ఇక్కడే మోసపోతారు. సెట్టింగులు మొదటికొచ్చినప్పుడు సాటా మోడ్, అంటే హార్డ్‌డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, ఏహెచ్‌సీఐ అనేదాని నుంచి ఐడీఈ అనేదానికి మారిపోవచ్చు, లేదా ఐడీఈ నుంచి ఏహెచ్‌సీఐకి. బావ కంప్యూటర్‌లో విండోస్ 7 వేసినప్పుడు ఏ మోడ్ ఉందో అది లేకపోతే లోగో దాకా వచ్చి నీలితెర పడుతుంది, దాని మీద చివర 7బీ అని ఉన్న కోడ్ కనిపిస్తుంది. పక్క మోడ్‌కి మార్చి సేవ్ చేస్తే చాలు, హాయిగా లేస్తుంది. అందుకే దేన్నైనా ముట్టుకునే ముందు బయాస్ పేజీలన్నీ ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకో.

బయాస్‌లో హార్డ్‌డిస్క్ పేరే కనబడకపోతే కేబుల్ వదులై ఉండొచ్చు. ప్లగ్గు పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకో, లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుముని ఓసారి ముట్టుకుని ఆ తర్వాతే లోపల చెయ్యి పెట్టు. డిస్క్‌కి వెళ్లే సన్నటి సాటా కేబుల్‌ని రెండు వైపులా, కరెంటు వైరుని డిస్క్ వైపు తీసి మళ్లీ గట్టిగా పెట్టు. తెర రాకుండా బీప్‌లు మాత్రమే వస్తుంటే ర్యామ్ తీసి, బంగారు రంగు పళ్లని పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్ది, రెండు పక్కలా క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కు. మా సెంటర్‌లో రబ్బరుతోనే లేచిన సిస్టమ్‌లు బోలెడన్ని.

అప్పటికీ లేవకపోతే రిపేరు జోలికి పోకుండా ఫైళ్లు తీసెయ్యి. 'సాటా టు యూఎస్‌బీ' కేబుల్ ఒకటి కొను. బావది పెద్ద డిస్క్ కాబట్టి 12 వోల్టుల అడాప్టర్‌తో వచ్చేదే తీసుకో, ల్యాప్‌టాప్ డిస్క్‌లకిచ్చే చిన్న కేబుల్ సరిపోదు. డిస్క్ ఊడదీసి నీ ల్యాప్‌టాప్‌కి తగిలించు. ఒక్కోసారి 'యూ నీడ్ టు ఫార్మాట్ ది డిస్క్' అని పెట్టె వస్తుంది. క్యాన్సిల్ నొక్కు. కంగారులో ఓకే నొక్కేవాళ్లే ఎక్కువ. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ అన్నీ సీ డ్రైవ్‌లో యూజర్స్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. దానికి అనుమతి అడిగితే మాత్రం కంటిన్యూ అను.

యూజర్స్ ఫోల్డర్ మొత్తం, డీ డ్రైవ్ మొత్తం తీసుకో. బావ ఎరువుల కొట్టు లెక్కలు ట్యాలీ ఫోల్డర్‌లో 'డేటా' అనే ఫోల్డర్‌లో ఉంటాయి, అవి మర్చిపోవద్దు. అక్క రాసుకున్న పాటలు అను ఫాంట్లలో టైపు చేసినవి. ఫైలొక్కటే తెస్తే కొత్త కంప్యూటర్‌లో తెలుగు బదులు పిచ్చి గీతలు కనిపిస్తాయి, కాబట్టి ఆ ఫాంట్లు కూడా తెచ్చుకో. పెళ్లి వీడియో కాపీ కాకపోతే నువ్వు వాడే పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసినది అయి ఉండొచ్చు, అందులో 4 జీబీ మించిన ఫైలు పట్టదు. కాపీ అయ్యాక రెండుచోట్లా ప్రాపర్టీస్‌లో సైజు పోల్చి చూడు, అక్కడో ఫొటో ఇక్కడో ఫొటో తెరిచి చూడు. ఇంకో కాపీ వేరే డ్రైవ్‌లో పెట్టు.

ఆ తర్వాత రిపేరు భయం లేకుండా చేసుకోవచ్చు. డిస్క్‌ని మళ్లీ కంప్యూటర్‌లో బిగించి, విండోస్ 7 డీవీడీ పెట్టి 'రిపేర్ యువర్ కంప్యూటర్'లో స్టార్టప్ రిపేర్ నడుపు, ఒకసారికి కాకపోతే రెండు మూడుసార్లు. డిస్క్‌లో తప్పులు వెతికే చెక్‌డిస్క్ కూడా ఇప్పుడే, ముందు కాదు. అది డిస్క్‌ని సరిచేస్తూ చెడిపోయిన ఫైళ్ల ఆనవాళ్లు కొన్ని తీసేస్తుంది, పైగా అరిగిన డిస్క్‌ని గంటల తరబడి తిప్పుతుంది. అన్నట్టు, విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14తో సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేసింది. సిస్టమ్ లేచినా బావని అందులో బ్యాంకు పని చెయ్యనివ్వకు.

ఆదివారం పొద్దున క్యాబినెట్ విప్పుదువుగాని. స్క్రూలన్నీ ఒక గిన్నెలో వేసుకో, నాకు వీడియో కాల్ చెయ్యి. డిస్క్ చప్పుడు ఎలా ఉందో ముందు ఫోన్ దగ్గర పెట్టి నాకు వినిపించు.

మీ మావయ్య,
తెనాలి