రెండు లక్షల కోర్సుకు ముందు నాన్నగారి దస్తావేజు చదవండి

ప్రశ్న: మాది కావలి. బీకాం చివరి సంవత్సరం చదువుతున్నాను. నాన్న రామాయపట్నం వైపు రెండు ప్లాట్లు కొన్నారు. స్థలాల మీద పెట్టుబడి పెట్టే పనిలోనే స్థిరపడాలని నాకూ ఉంది. మూడు నెలల కోర్సులో అన్ని యాప్‌లూ నేర్పిస్తామని, రెండు లక్షలు కట్టమని ఒకరు అంటున్నారు. చేరమంటారా?

జవాబు: చేరవద్దమ్మా. ఈ పనికి కావలసిన సాధనాల్లో ముఖ్యమైనవి ప్రభుత్వమే ఉచితంగానో, నామమాత్రపు రుసుముకో ఇస్తోంది. కొరతల్లా వాటిని చదవగలిగేవారికే. ఆ చదవడం నేర్చుకుంటే అదే మీ ఉద్యోగం అవుతుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఏటా కౌన్సెలింగ్ సమయంలో నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో కొందరిది ఒకే బాధ. పిల్లల చదువుకని దాచిన ప్లాటు అమ్మబోతే, ఆ సర్వే నంబరు 22ఏ జాబితాలో (అమ్మకం, రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) ఉందని, రిజిస్ట్రేషన్ కాదని అప్పుడు తెలుస్తుంది. ఆ జాబితా రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. కొనేముందు ఐదు నిమిషాలు చూసి ఉంటే, ఫీజు కట్టలేక పిల్లల సీటు పోయేది కాదు. మన జిల్లాల్లో ఇది మరీ ముఖ్యం. పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో పట్టాదారు పేరు ఉండవలసిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన చుక్కల భూములు, డీకేటీ పట్టాలు (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూములు), వాగు పోరంబోకులు (వాగుకు చెందిన ప్రభుత్వ భూములు) ఇక్కడ చాలా ఉన్నాయి. చుక్కల భూములపై రైతులకు హక్కులు ఇస్తున్నట్టు 2023 మే నెలలో మీ కావలి సభలోనే ప్రభుత్వం ప్రకటించింది. అయినా ప్రతి నంబరునూ విడిగా చూసుకోవలసిందే.

తర్వాతి సాధనం ఈసీ, అంటే ఒక ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, అంతకు ముందువాటికి సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లాలి. ఇక్కడ కొత్తవారు చేసే తప్పు ఒకటుంది. దస్తావేజులో సర్వే నంబరు 214/2ఏ అని ఉంటే ఆ నంబరుతో మాత్రమే వెతుకుతారు. సబ్‌డివిజన్ కాకముందు జరిగిన అమ్మకాలు, తాకట్లు 214 కింద ఉండిపోతాయి. రెండింటితోనూ వెతకాలి. చెక్కుబందీ (నాలుగు వైపుల హద్దులు) కూడా పక్కన పెట్టుకుని ప్రతి పద్దునూ పోల్చాలి. ఇంకొక మాట: ఈసీ శుభ్రంగా ఉన్నంత మాత్రాన హక్కు శుభ్రంగా ఉన్నట్టు కాదు. రిజిస్టరు కాని అగ్రిమెంటు, అన్నదమ్ముల మధ్య నోటిమాటగా జరిగిన పంపకం, కోర్టులో నడుస్తున్న దావా అందులో కనబడకపోవచ్చు. అందుకే ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో అడంగల్ (సాగు వివరాలు), 1బి (పట్టాదారు ఖాతా), ఎఫ్‌ఎంబీ (కొలతల పటం) చూడాలి. ఈకోర్ట్స్ వెబ్‌సైట్‌లో అమ్మేవారి పేరుతో కేసులు వెతకాలి.

ప్లాట్లుగా విడగొట్టి అమ్మే వెంచర్ అయితే, రియల్ ఎస్టేట్‌ను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఏపీ రెరా వెబ్‌సైట్ తెరవండి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్ నమోదు కాకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు. అగ్రిమెంటు రాసి రిజిస్టరు చేయకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. బ్రోషర్‌లో ఉన్న ప్లానుకూ, నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) ఆమోదించిన ప్లానుకూ తేడా ఉందేమో అక్కడే తెలుస్తుంది.

నాకు బాగా నచ్చిన సాధనం గూగుల్ ఎర్త్. కంప్యూటర్‌లో తెరిచి పాత సంవత్సరాల చిత్రాలకు వెళ్లండి. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, ప్లాట్లు చూపించేవారేమో ఎండాకాలంలో చూపిస్తారు. వానల నెలల్లో మబ్బులు అడ్డం వస్తాయి కాబట్టి జనవరి, ఫిబ్రవరి చిత్రాలు చూడండి. ఈరోజు రాళ్లు పాతిన నేల అప్పట్లో చెరువా, రొయ్యల గుంటా, వాగు దారా అన్నది కళ్లకు కడుతుంది. 2021 నవంబరులో పెన్నా వరదను చూసినవారికి దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

లెక్కల విషయంలో మీ బీకాం మీకు బలం. నెల్లూరులో ధర అంకణాల్లో చెబుతారు, కొన్నిచోట్ల గజాల్లో, పొలమైతే సెంట్లలో. నెల్లూరు అంకణం 8 చదరపు గజాలు, తిరుపతి వైపు వెళితే 4 గజాలే. సెంటు 48.4 గజాలు. అన్నింటినీ ఎక్సెల్‌లో గజాల్లోకి మార్చుకుంటే అంకణం 80,000 అన్నది గజం 11,000 కంటే చవక అని తెలుస్తుంది. అలాగే పది లక్షల ప్లాటు ఎనిమిదేళ్లలో ఇరవై లక్షలైతే గొప్ప లాభం అనిపిస్తుంది. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం కలిపి చూస్తే ఏటా వచ్చింది సుమారు 8 శాతమే. పన్ను, వడ్డీ ఇంకా లెక్కలోకి రాలేదు. ఈ పట్టిక మీ చేత్తో మీరే తయారు చేసుకోండి.

ఇక దారి. డిగ్రీ అయిన వెంటనే సొంత పెట్టుబడి వద్దు. బ్యాంకులకు లీగల్ ఒపీనియన్ రాసే న్యాయవాది దగ్గరో, గృహరుణ సంస్థలోనో రెండేళ్లు పని చేయండి. జీతం తక్కువే ఉండవచ్చు, కానీ వందల దస్తావేజులు మీ చేతి మీదుగా వెళతాయి. ఆసక్తి పెరిగితే లాసెట్ రాసి మూడేళ్ల న్యాయవిద్య చదవవచ్చు. భూములు, భవనాల రిజిస్టర్డ్ వాల్యుయర్ కావాలంటే సివిల్, ఆర్కిటెక్చర్, టౌన్ ప్లానింగ్ వంటి చదువు ఉండాలి కనుక ఆ ఆశ చూపించే కోర్సులను నమ్మకండి. ఏజెంటుగా మొదలుపెడితే రెరాలో నమోదు చేసుకున్నాకే రెరా వెంచర్లలో ప్లాట్లు అమ్మండి. అద్దె, ఖాళీలు, అప్పు ఒక ఆస్తిని ఎలా నడుపుతాయో తెలియాలంటే 2019లో మన దేశంలో మొదటగా లిస్టయిన ఎంబసీ రీట్ (మదుపరుల డబ్బుతో భవనాలు కొని అద్దెలు పంచే ట్రస్టు) నివేదికలు చదవండి, ఉచితమే.

ఈ ఆదివారం నాన్నగారిని అడిగి ఆ రెండు ప్లాట్ల కాగితాలు ముందు పెట్టుకోండి. లింకు డాక్యుమెంట్లు (అంతకు ముందు యజమానుల దస్తావేజులు) పట్టుకుని ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లండి. ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎంత విస్తీర్ణం అమ్మారో ఒక కాగితం మీద గొలుసులా రాయండి. ఎక్కడైనా ఆ గొలుసు తెగితే, ఆ కాగితం జతచేసి నాకు మళ్లీ రాయండి.